గంజాం తీరం నుంచి అండమాన్ కందకం దాకా: సముద్రపు అడుగు వంపును ఎందుకు కొలవాలి

2014 మే 21 రాత్రి పది గంటలకు కాస్త ముందు బంగాళాఖాతం అడుగున, కోణార్క్‌కు ఆగ్నేయంగా సుమారు 275 కిలోమీటర్ల దూరంలో, 6.0 తీవ్రతతో భూమి కంపించింది. ఒడిశా తీరం పొడవునా, దక్షిణాన చెన్నై దాకా జనం ఇళ్లలోంచి వీధుల్లోకి వచ్చారు. 2025 ఫిబ్రవరి 25 ఉదయం ఆరింటి వేళ అదే సముద్రంలో 5.1 తీవ్రతతో మరో ప్రకంపన వచ్చింది. ఇలాంటి ప్రతి సందర్భంలోనూ ఒడిశాలోని గంజాం జిల్లాలో సోనాపూర్ నుంచి గోపాల్‌పూర్, ఆర్జీపల్లి మీదుగా ఋషికుల్య నది మొగ దాకా ఉన్న తెలుగు మత్స్యకార పల్లెల్లో తలెత్తే ప్రశ్న ఒక్కటే: సముద్రం పైకి వస్తుందా?

రెండుసార్లూ రాలేదు. భూమి పైపొర కొన్ని పెద్ద రాతి ముక్కలుగా ఉంటుంది, వాటిని ఫలకాలంటారు. ఆ రెండు భూకంపాలూ భారత ఫలకం లోపల, ఎంతో లోతున పుట్టాయి. మొదటిది దాదాపు 50 కిలోమీటర్ల లోతున, రెండోది 91 కిలోమీటర్ల లోతున. అక్కడి రాయి విరిగింది, ఆ కుదుపు ఒడ్డుకు తెలిసింది. సముద్రపు అడుగు మాత్రం చెప్పుకోదగినంతగా పైకి లేవలేదు, కిందికి దిగలేదు. అడుగు కదలనప్పుడు దాని మీదున్న నీటికి కదలవలసిన పని లేదు.

అవి చిన్న భూకంపాలు కాబట్టి అలా జరిగిందని అనుకుంటే 2012 ఏప్రిల్ 11ను గుర్తుచేసుకోవాలి. ఆ రోజు సుమత్రాకు పడమట 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2014 నాటి దానికంటే సుమారు ఎనిమిది వేల రెట్లు ఎక్కువ శక్తి. తూర్పు తీరమంతా అప్రమత్తమైంది, హెచ్చరికలు వెలువడ్డాయి. వినాశకరమైన కెరటం మాత్రం రాలేదు. అంతకు ఏడాదిన్నర ముందు, 2010 అక్టోబరు 25న, అదే సుమత్రా పక్కన మెంటావై దీవుల దగ్గర 7.8 తీవ్రతతో వచ్చిన భూకంపం చాలామందికి పెద్దగా భయం కలిగించలేదు. నేల మెల్లగా ఊగింది, అంతే. ఆ తర్వాత వచ్చిన కెరటాలు నాలుగు వందల మందికి పైగా ప్రాణాలు తీశాయి.

పెద్ద భూకంపం సముద్రాన్ని అంతగా కదిలించలేదు, దానికంటే చిన్నది ఊళ్లను ఊడ్చేసింది. 2012లో రెండు రాతి ఖండాలు ఒకదాని పక్కగా మరొకటి అడ్డంగా జారాయి. 2010లో కందకానికి, అంటే ఒక ఫలకం మరోదాని కిందికి దిగే చోట సముద్రపు అడుగున ఉండే పొడవాటి లోతైన పల్లానికి, ఆనుకుని ఉన్న లోతు తక్కువ భాగం జారి, సముద్రపు అడుగును నిలువుగా ఎత్తింది. టీవీల్లో మొదట కనిపించే తీవ్రత అంకె ఈ తేడాను చెప్పదు. అది చెప్పాలంటే సముద్రం కింద, ఒక ఫలకం మరో ఫలకం కిందికి దూరే అంచుల దగ్గర, నేల ఎలా వంగుతోందో, ఎక్కడ బిగుసుకుపోయిందో, ఎక్కడ నెమ్మదిగా జారుతోందో కొలిచి ఉండాలి. ప్రపంచంలో ఇంతటి ముప్పు ఉండి ఇంత తక్కువగా కొలిచిన చోట్లు చాలా అరుదు. అందులో ఒకటి మన సముద్రంలోనే ఉంది.

గంజాం తీరం స్వయంగా అలాంటి అంచు కాదు. దాదాపు 13 కోట్ల సంవత్సరాల కిందట భారత భూభాగం అంటార్కిటికా నుంచి విడిపోయినప్పుడు ఏర్పడిన ఒడ్డు ఇది. ఇక్కడ ఫలకాలు ఢీకొనడం లేదు. పోడంపేట లాంటి ఊళ్లను సముద్రం కోసేస్తుంటే, ఇళ్లు ఒక్కొక్కటే కూలి జనం ఊరు వదలవలసి వస్తుంటే, అది భూమి కుంగడం వల్లనే అని అనుకునేవారు ఉన్నారు. ఆ కోత వేరు. ఇసుక రాకపోకలు, అలలు, తుఫానులు, ఒడ్డున మనిషి చేపట్టిన పనులు దానికి కారణాలు. ఈ వ్యాసం మాట్లాడుతున్న కదలిక గోపాల్‌పూర్ నుంచి వెయ్యి కిలోమీటర్ల దూరంలో మొదలవుతుంది. అయినా రాయి ఒకటే. గోపాల్‌పూర్ ఒడ్డున కాలి కింద ఉన్న భారత ఫలకమే బంగాళాఖాతం అడుగున తూర్పుకు సాగిపోయి, అండమాన్ నికోబార్ దీవులకు పడమట ఉన్న కందకం దగ్గర వంగి, బర్మా ఫలకం అనే చిన్న ఫలకం కిందికి దిగిపోతోంది. అలా దిగిన ఫలకం నుంచి విడుదలయ్యే నీరు పైనున్న రాతిని కరిగించబట్టే అండమాన్ సముద్రంలో బారెన్ దీవి అగ్నిపర్వతం ఇప్పటికీ రగులుతోంది.

ఈ దిగుడు నునుపుగా జరగదు. సుమత్రా దగ్గర ఏడాదికి నాలుగైదు సెంటీమీటర్ల చొప్పున రెండు ఫలకాలు దగ్గరవుతున్నాయి. కానీ వాటి మధ్య ఉన్న తలం చాలా చోట్ల బిగుసుకుపోయి ఉంటుంది. కింది ఫలకం దిగుతూ పై ఫలకపు అంచును తనతో పాటు కిందికి లాక్కుపోతుంది. ఒక వెదురు బద్దను రెండు చేతులతో పట్టుకుని ఒక కొసను కిందికి తోస్తే మధ్య భాగం ఉబుకుతుంది, వదిలేస్తే కొస ఒక్కసారి పైకి ఎగిరి మధ్య భాగం దిగిపోతుంది. పై ఫలకానికి జరిగేదీ అదే. వందల ఏళ్లపాటు కందకం వైపు అంచు కుంగుతూ, దాని వెనక భాగం మెల్లగా ఉబుకుతూ ఉంటుంది. బిగువు వీడిన రోజున అంచు లేస్తుంది, వెనక భాగం కుంగుతుంది. లేచిన అంచు మీద కొన్ని కిలోమీటర్ల ఎత్తున నీరు ఉంటుంది. సునామీ అంటే ఆ నీరు తిరిగి సర్దుకోవడానికి చేసే ప్రయాణం.

2004 డిసెంబరు 26న భారత కాలమానం ప్రకారం ఉదయం 6.28 గంటలకు మొదలైన భూకంపం ఈ మాటలన్నిటినీ నేల మీద రాసి చూపించింది. సుమత్రా ఉత్తర కొస దగ్గర మొదలైన చీలిక ఉత్తరంగా పాకుతూ దాదాపు 1,300 కిలోమీటర్ల పొడవున, ఎనిమిది నుంచి పది నిమిషాల పాటు సాగింది. నికోబార్ దక్షిణ కొసన ఉన్న ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. అక్కడి లైట్‌హౌస్ అడుగు ఇప్పుడు సముద్రంలో ఉంది. పోర్ట్ బ్లెయిర్ దాదాపు మీటరు దిగింది. దాని శివార్లలోని సిప్పీఘాట్‌లో పొలాల్లోకి ఉప్పునీరు వచ్చి, ఆటు సమయంలో కూడా వెనక్కి పోకుండా నిలిచిపోయింది. అదే రోజు ఉత్తర అండమాన్ పడమటి వైపున, ఇంటర్‌వ్యూ దీవి చుట్టూ, నేల పైకి లేచి పగడపు దిబ్బలు గాలికి బయటపడి చచ్చిపోయాయి. ఒకే ద్వీపసమూహంలో ఒక ఒడ్డు మునిగింది, మరో ఒడ్డు తేలింది. మునిగిన చోటికీ తేలిన చోటికీ మధ్య కదలిక సున్నా అయిన గీత ఎక్కడుందో గుర్తిస్తే, కింద తలం ఎంత లోతు వరకు జారిందో లెక్క కట్టవచ్చు. దీవుల మీద ఉన్న జీపీఎస్ గుర్తులను భారత శాస్త్రవేత్తలు మళ్లీ కొలిచినప్పుడు అవి నైరుతి వైపు ఒకటిన్నర నుంచి ఆరున్నర మీటర్ల వరకు జరిగినట్టు తేలింది.

జీపీఎస్ లేని కాలపు కదలికలకు సాక్ష్యం పగడమే. సుమత్రాకు పడమట ఉన్న దీవుల చుట్టూ పెరిగే కొన్ని పగడాలు సముద్రమట్టానికి హద్దు కట్టుకుని పెరుగుతాయి. ఆటు బాగా దిగినప్పుడు గాలికి తేలిన భాగం చచ్చిపోతుంది, నీటిలో ఉన్న భాగం పక్కలకు పెరుగుతుంది. అందుకే పై భాగం బల్లపరుపుగా, చుట్టూ ఉంగరాలతో గుండ్రటి పీటలా తయారవుతుంది. నేల ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు కుంగుతుంటే బయటి ఉంగరాలు లోపలి వాటికంటే ఎత్తుగా వస్తాయి. నేల ఒక్కసారి లేస్తే పైభాగమంతా చచ్చి, అంచు దిగువన కొత్త ఉంగరం మొదలవుతుంది. ఒక పగడాన్ని రంపంతో నిలువుగా కోసి, ఆ పలకను ఎక్స్‌రే తీస్తే ఏటా పేరుకున్న పొరలు లెక్కపెట్టవచ్చు. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో పనిచేసిన కెర్రీ సీ బృందం ఈ పద్ధతిలోనే మెంటావై దీవుల దగ్గర 1797లోనూ 1833లోనూ వచ్చిన మహా భూకంపాల్లో ఏ దీవి ఎంత లేచిందో తేల్చింది. రాతకోతలు లేని ఒడ్డున, సెంటీమీటర్ల స్థాయిలో, రెండు శతాబ్దాల కిందటి నేల కదలికను ఒక జీవి పెంకులోంచి చదవగలగడం ఈ శాస్త్రంలో అన్నిటికంటే గొప్ప పని అనిపిస్తుంది.

అయితే పగడమైనా, దీవి మీది జీపీఎస్ అయినా ఒకే చోట ఆగిపోతాయి. అవి ఉండేది నేల నీటిపైకి తేలిన చోట. కందకం అక్కడికి పడమట, చాలా దూరాన, కిలోమీటర్ల లోతు నీటి కింద ఉంటుంది. సునామీని పుట్టించే ముఖ్యమైన భాగం కందకానికి దగ్గరగా ఉన్న ఆ అంచే. ఒడ్డు నుంచి చేసే కొలతలు దాని విషయంలో దాదాపు గుడ్డివి. ఆ అంచు బిగుసుకుపోయి ఉన్నా, నెమ్మదిగా జారుతున్నా ఒడ్డున ఉన్న జీపీఎస్ దాదాపు ఒకే అంకె చూపిస్తుంది.

ఈ గుడ్డితనం ఖరీదు ఎంతో జపాన్‌కు 2011 మార్చి 11న తెలిసింది. ప్రపంచంలోనే అత్యంత దట్టమైన జీపీఎస్ వల ఆ దేశానిది. అయినా కందకానికి ఆనుకుని ఉన్న భాగంలో మెత్తటి మట్టి ఎక్కువ కాబట్టి అది బిగువు పట్టదని, పెద్దగా జారదని చాలామంది శాస్త్రవేత్తలు భావిస్తూ వచ్చారు. భూకంపం మొదలైన తొలి నిమిషాల్లో అక్కడి వాతావరణ సంస్థ తీవ్రతను 7.9గా అంచనా వేసి, మియాగి తీరానికి ఆరు మీటర్లు, ఇవాతే, ఫుకుషిమా తీరాలకు మూడు మీటర్ల కెరటం వస్తుందని హెచ్చరించింది. అసలు తీవ్రత 9.0. కొన్ని చోట్ల నీరు దాదాపు 40 మీటర్ల ఎత్తుకు ఎక్కింది. మూడు మీటర్లే అని విని ఒడ్డున కట్టిన అడ్డుగోడ చాటున ఆగినవారి సంగతి తలచుకుంటే, సముద్రపు అడుగును కొలవడం పండితుల ముచ్చట మాత్రమే కాదని అర్థమవుతుంది.

అదృష్టవశాత్తు ఆ కందకం దగ్గర అప్పటికే కొన్ని పరికరాలు నీటి అడుగున ఉన్నాయి. అవి పనిచేసే తీరు కాస్త దగ్గరగా చూడదగింది. ఉపగ్రహ సంకేతాలు సముద్రపు నీటిని దాటలేవు. కాబట్టి అడుగున జీపీఎస్ పెట్టినా పనిచేయదు. అమెరికాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థలో ఫ్రెడ్ స్పీస్ 1980లలో దీనికి ఒక దారి సూచించారు. సముద్రపు అడుగున మూడు నాలుగు ధ్వని పరికరాలను త్రిభుజంలానో చతురస్రంలానో దించుతారు. పైన ఓడ నిలబడుతుంది. ఓడ ఎక్కడుందో జీపీఎస్ సెంటీమీటర్ల కచ్చితత్వంతో చెబుతుంది. ఓడ నుంచి ధ్వని సంకేతం కిందికి వెళ్తుంది, అడుగున ఉన్న పరికరం దానికి బదులిస్తుంది. వెళ్లి వచ్చిన సమయాన్ని బట్టి దూరం లెక్కకడతారు. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. ఒక్క సెంటీమీటరు తేడా పట్టుకోవాలంటే సెకనులో పది లక్షల వంతులు ఏడింటిని కూడా తప్పకుండా కొలవాలి. పైగా నీరు చల్లబడినా వేడెక్కినా, ఉప్పదనం మారినా ధ్వని వేగం మారుతుంది. అందుకే ఓడ గంటల తరబడి ఆ పరికరాల చుట్టూ తిరుగుతూ, మధ్యమధ్య నీటి ఉష్ణోగ్రతను పైనుంచి కింది దాకా కొలుస్తూ, వేల సంకేతాలు పంపుతుంది. ఇంత చేసిన తర్వాత దొరికేది ఒక బిందువు స్థానం. మరికొన్ని నెలలకు మళ్లీ వచ్చి అదే పని చేయాలి. ఇప్పుడు ఈ పనికి అలల శక్తితో నడిచే మనిషి లేని చిన్న నావలను కూడా వాడుతున్నారు. ఓడ ఖర్చు భరించలేని దేశాలకు ఇది పెద్ద ఊరట.

జపాన్ తీర రక్షణ దళం ఈ పద్ధతిలోనే మియాగి తీరానికి ఎదురుగా భూకంప కేంద్రం దగ్గర ఉన్న బిందువును మళ్లీ కొలిచినప్పుడు అది 24 మీటర్లు పక్కకు జరిగి, 3 మీటర్లు పైకి లేచినట్టు తెలిసింది. ఒడ్డున ఎక్కడా నేల ఆరు మీటర్లకు మించి జరగలేదు. సముద్రపు అడుగు పటాలను భూకంపానికి ముందు తీసినవీ తర్వాత తీసినవీ పోల్చినవారు, కందకం అంచునే దాదాపు 50 మీటర్ల జారుడు ఉందన్నారు. బిగువు పట్టదనుకున్న చోటే అన్నిటికంటే ఎక్కువ జారింది. మరుసటి ఏడాది చిక్యూ అనే ఓడ సుమారు 6,900 మీటర్ల లోతు నీటి కింద, అడుగు నుంచి ఇంకో 800 మీటర్లకు పైగా తవ్వి ఆ జారిన తలాన్ని పైకి తెచ్చింది. అది అయిదు మీటర్లకు మించని మందంలో, జారుడు స్వభావం ఉన్న బంకమట్టి. ఆ పొరలో అమర్చిన ఉష్ణమాపకాలు జారుడు పుట్టించిన వేడిలో మిగిలిన కొసరును, డిగ్రీలో మూడో వంతు కంటే తక్కువ తేడాను, ఏడాదిన్నర తర్వాత కూడా పట్టుకున్నాయి.

జపాన్ ఆ పాఠాన్ని వృథా పోనివ్వలేదు. కందకం వెంబడి వేల కిలోమీటర్ల తీగతో 150 కేంద్రాలను సముద్రపు అడుగున కలిపింది. వాటిలోని పీడన మాపకాలు తమ పైనున్న నీటి బరువును ఎడతెగకుండా కొలుస్తాయి. అడుగు ఒక సెంటీమీటరు లేస్తే పైనున్న నీరు అంతమేర తగ్గుతుంది. నాలుగు కిలోమీటర్ల నీటిలో ఒక సెంటీమీటరు అంటే నాలుగు లక్షల్లో ఒక వంతు. ఆటుపోట్లు, ప్రవాహాలు, పరికరం తనంతట తాను చూపించే తేడా, వీటన్నిటినీ తీసేసిన తర్వాత ఆ వంతును పట్టుకోవాలి. న్యూజిలాండ్ దగ్గర హికురాంగి అంచున 2014లో ఇలాంటి పీడన మాపకాలే ఒక విచిత్రాన్ని చూపించాయి. ఎవరికీ తెలియని నిశ్శబ్దపు జారుడు, వారాల తరబడి సాగి, కందకం దరిదాపుల దాకా పాకింది. అంత నెమ్మదిగా జారితే భూకంపం ఉండదు, కెరటం ఉండదు. కానీ ఆ జారుడు ఎక్కడ ఆగిందో అక్కడ బిగువు పెరుగుతుంది. అలాంటి చోట్లను గుర్తించడమే ఈ కొలతలన్నిటి ప్రయోజనం.

అండమాన్ వైపు పరిస్థితి ఇంకా వెనకబడి ఉంది. ఇక్కడి కొలతల్లో ఎక్కువ భాగం దీవుల మీద నుంచి వచ్చినవే. పైగా ఇక్కడి కందకానికి ప్రత్యేకమైన చిక్కు ఉంది. హిమాలయాలను గంగా బ్రహ్మపుత్రలు కోసి తెచ్చిన ఒండ్రు బంగాళాఖాతం అడుగంతా పరుచుకుని, కందకాన్ని చాలా చోట్ల దాదాపు నింపేసింది. కింది ఫలకం దిగుతుంటే ఆ ఒండ్రు గీకుకుపోయి పై ఫలకపు అంచున మడతలు మడతలుగా పేరుకుంటుంది. మెత్తటి ఒండ్రు కాబట్టి అక్కడ బిగువు ఉండదని ఒకప్పటి అభిప్రాయం. 2016లో అంతర్జాతీయ తవ్వకపు బృందం ఉత్తర సుమత్రాకు ఎదురుగా, కందకంలోకి ఇంకా ప్రవేశించని ఒండ్రును తవ్వి చూసింది. కిలోమీటర్ల మందాన పేరుకున్న ఆ ఒండ్రు లోతున పూడుకుపోయి వేడెక్కి, ఖనిజాల్లోని నీటిని ముందుగానే వదిలేసి, గట్టిపడుతోందని తేల్చింది. గట్టిపడిన ఒండ్రు బిగువును పట్టగలదు. అంటే 2004 జారుడు కందకానికి అంత దగ్గరగా ఎలా వచ్చిందో దీనితో కొంత అర్థమైంది. ఇదే ఒండ్రు ఉత్తర అండమాన్ దగ్గరా ఉంది, ఇంకా మందంగా. అక్కడ ఏం జరుగుతోందో తెలియాలంటే నీటి అడుగున కొలవడం తప్ప దారి లేదు.

గంజాం తీరానికి ఇందులో ఉన్న సంబంధం ఇక్కడే గట్టిపడుతుంది. 2004లో ఒడిశా తీరం పెద్ద నష్టం లేకుండా బయటపడింది. సముద్రపు అడుగు లేచిన గీత ఉత్తర దక్షిణాలుగా సాగింది. సునామీ శక్తిలో ఎక్కువ భాగం ఆ గీతకు అడ్డంగా, తూర్పు పడమరలకు పోతుంది. అన్నిటికంటే ఎక్కువ జారుడు దక్షిణాన, సుమత్రా, నికోబార్ల దగ్గర జరగడంతో దానికి సూటిగా పడమట ఉన్న శ్రీలంక, తమిళ తీరాలు దెబ్బ తిన్నాయి. రెండున్నర గంటల్లో చెన్నైకి చేరిన కెరటం ఉత్తరానికి వచ్చేసరికి బలం తగ్గింది. ఉత్తర అండమాన్ దగ్గర అడుగు అదే స్థాయిలో లేచి ఉంటే కథ వేరుగా ఉండేది. అక్కడ కందకం కొద్దిగా ఈశాన్యానికి వంగుతుంది, దానికి అడ్డంగా గీసే గీత ఉత్తరాంధ్ర, దక్షిణ ఒడిశాల వైపు మళ్లుతుంది. 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ దగ్గర 7.9 తీవ్రతతో వచ్చిన భూకంపం పుట్టించిన కెరటాలు బంగాళాఖాతం చుట్టూ ఉన్న ఆటుపోట్ల మాపకాల్లో నమోదయ్యాయి. అవి మీటరు కూడా లేవు. 2004 లాంటిది మన చరిత్ర పుస్తకాల్లో లేకపోయినా థాయిలాండ్‌లోని ఫ్రా థాంగ్ దీవి ఇసుక పొరల్లో ఉంది: దానికి ముందరిది సుమారు 550 నుంచి 700 సంవత్సరాల కిందటిదని అక్కడి పొరలు చెబుతున్నాయి. మూడు తరాల జ్ఞాపకం ఈ ముప్పును కొలవడానికి సరిపోదు.

సుమత్రా పక్కన సిమెలూ అనే దీవి ఉంది. 1907లో వచ్చిన సునామీ తర్వాత అక్కడి పెద్దలు పిల్లలకు ఒక మాట నేర్పారు: నేల గట్టిగా ఊగి, సముద్రం వెనక్కి పోతే కొండ ఎక్కండి. 2004లో భూకంప కేంద్రానికి అంత దగ్గరగా ఉండి కూడా దాదాపు 78,000 మంది జనాభాలో ఏడుగురే చనిపోయారు. ఈ ఉదాహరణ మన దగ్గర తరచూ వినిపిస్తుంది. గంజాం తీరానికి దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకోవడం ప్రమాదకరం. అండమాన్ వెయ్యి కిలోమీటర్ల దూరం. అక్కడ మహా భూకంపం వచ్చినా గోపాల్‌పూర్‌లో ఉయ్యాల ఊగినట్టు తేలికగా తెలియవచ్చు, వల బాగుచేసుకుంటూ ఒడ్డున కూర్చున్నవారికి అసలు తెలియకపోవచ్చు. రెండో గుర్తు ఇంకా మోసం చేస్తుంది. 2004లో పడమటి వైపు అంచు లేచింది కాబట్టి పడమరకు బయలుదేరిన కెరటానికి ముందు భాగం ఎత్తు, తూర్పు వైపు నేల కుంగింది కాబట్టి థాయిలాండ్ వైపు పోయిన కెరటానికి ముందు భాగం పల్లం. థాయిలాండ్‌లో సముద్రం ముందు వెనక్కి పోయింది, మన తూర్పు తీరంలో నీరు ముందే పైకి వచ్చింది. కందకం దగ్గర అడుగు వంగే తీరే ఈ తేడాను నిర్ణయిస్తుంది. అండమాన్ అంచున ఇకముందు వచ్చే భూకంపానికీ ఇదే వంపు ఉండే వీలు ఎక్కువ. సముద్రం వెనక్కి పోతేనే పరుగెత్తాలని నేర్చుకున్న గంజాం జాలరికి ఆ గుర్తు కనిపించకుండానే నీరు గుమ్మంలోకి రావచ్చు.

కాబట్టి ఇక్కడి పల్లెలు కళ్లను, కాళ్లను కాకుండా కొలతను నమ్ముకోవాలి. హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్‌లో 2007 అక్టోబరు నుంచి పనిచేస్తున్న సునామీ హెచ్చరిక కేంద్రం ఆ పని చేస్తోంది. 2004లో పసిఫిక్ సునామీ హెచ్చరిక కేంద్రం తొలి ప్రకటనలో తీవ్రతను 8.0గా చెప్పింది, అసలు అంకె గంటల తర్వాత గానీ తేలలేదు. మహా భూకంపాల్లో తొలి నిమిషాల కంపన లెక్క తరచూ తక్కువే చూపిస్తుంది. అందుకే ఇన్‌కాయిస్ అండమాన్ నికోబార్ దీవుల్లో ఉపగ్రహ స్థాన పరికరాలను, బలమైన కుదుపులను కొలిచే పరికరాలను కలిపి పెట్టింది. దీవి ఎంత జరిగిందో, ఎంత కుంగిందో నిమిషాల్లో తెలిస్తే కింద ఎంత జారిందో లెక్కకట్టవచ్చు. ఇది మంచి అడుగు. అయినా ఇది కుంగిన వైపు నిలబడి లేచిన వైపును ఊహించడమే. లేచే వైపున, దీవులకు పడమట నీటి అడుగున, ధ్వనితో కొలిచే బిందువులు వరుసగా దింపి, ఏటా కొలిచి, పీడన మాపకాలను తీగతో ఒడ్డుకు కలిపితే తప్ప ఊహ కొలతగా మారదు. లోతు సముద్రంలో సునామీని పసిగట్టే తేలియాడే బోయాలను నిలపగల చెన్నైలోని సముద్ర సాంకేతిక సంస్థ, ఇన్‌కాయిస్, హైదరాబాద్‌లోనే ఉన్న భూభౌతిక పరిశోధన సంస్థ, మూడూ ఉన్న దేశం ఈ పనికి ఇంకా చిన్నది కాదు. ఖర్చు ఎక్కువే. అయితే తుఫాను షెల్టర్లకూ ఖర్చయింది, 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి లక్షల మంది బతికి బయటపడ్డారు. ఆ తుఫానును రోజుల ముందే చూడగలిగాం. అండమాన్ కందకం ఇచ్చేది రెండు మూడు గంటలే. ఆ గంటల్లో మొదటి పావుగంట లెక్క సరిగా ఉండాలంటే ఏళ్ల తరబడి ముందుగా చేసిన కొలతలు చేతిలో ఉండాలి.

గంజాం జిల్లాలోని వెంకట్రాయిపూర్‌ను 2020లో యునెస్కో సముద్ర సంఘం సునామీకి సిద్ధంగా ఉన్న ఊరిగా గుర్తించింది. దేశంలో ఆ గుర్తింపు పొందిన తొలి రెండు ఊళ్లలో ఇది ఒకటి, రెండోది జగత్‌సింగ్‌పూర్ జిల్లాలోని నోలియాసాహి. ఊరి పటం, పారిపోయే దారులు, గుమిగూడే ఎత్తైన చోటు, కసరత్తులు ఉంటేనే ఆ గుర్తింపు వస్తుంది. ఇలాంటి పల్లెల్లో చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగు, కార్యాలయం నుంచి వచ్చే కాగితం ఒడియా. ఆడవారు, ముసలివారు ఉదయం పూట ఒడ్డున చేపలు ఆరబెడుతూ ఉండగా మైకులో వచ్చే ప్రకటన రెండు భాషల్లోనూ ఉండాలి. అందులో చెప్పవలసినవి కొన్నే: నేల ఊగిందా లేదా అని, నీరు వెనక్కి పోయిందా అని చూడకుండా వెంటనే కదలాలి. మొదటి కెరటం చిన్నదని తిరిగి రాకూడదు, గంటల తర్వాత వచ్చేవి పెద్దవి కావచ్చు. వేటకు వెళ్లి లోతు నీటిలో ఉన్న పడవలు ఒడ్డుకు రాకూడదు. అక్కడ ఆ కెరటం పడవ కింద తెలియకుండా దాటిపోతుంది, ఎత్తు పెరిగేది లోతు తగ్గిన చోటే. హెచ్చరిక ఎత్తివేశామని కేంద్రం చెప్పేవరకు మొగలోకి పడవ తిప్పకూడదు.